అంకోర్ గుళ్లూ, అరటినార ముడులూ

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



గుడి చూడ్డం మనకు కొత్త కాదు. పట్టుచీర చూడ్డం అంతకన్నా కొత్త కాదు. అయితే ఈ రెండూ మరో దేశంలో, మరో భాష మాట్లాడే ఆడవాళ్ల మధ్య కనిపించినప్పుడు, మనకు బాగా తెలుసుననుకున్న సంగతులే కొత్తగా తోస్తాయి. కంబోడియాలోని అంకోర్ గుళ్లు అలాంటివి. వెనకటి రోజుల్లో సముద్రం దాటి యాత్ర అంటే మన ఇళ్లలో వినని మాట. ఇప్పుడలా కాదు. పిల్లలు పై దేశాల్లో ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్లను చూడటానికి సింగపూరో, బాంకాకో వెళ్లిన తల్లులు, 'ఇంకో నాలుగు రోజులుంటే ఆ అంకోర్ కూడా చూసి వద్దుము' అనుకుంటున్నారు. అలా అనుకునేవాళ్ల కోసం ఇవాళ రెండు సంగతులు చెప్తాను. ఆ గుళ్లు ఎలా చూడాలన్నది ఒకటి. అక్కడి ఆడవాళ్లు నేసే పట్టును ఒకపూట దగ్గర కూర్చుని, చెయ్యి పెట్టి చూడటం ఎందుకు మంచిదన్నది రెండోది.

ముందు పేర్ల సంగతి. 'అంకోర్' అన్నది మన 'నగర' శబ్దమే. అక్కడి నోళ్లలో నలిగి నలిగి అలా అయింది. 'వాట్' అంటే బౌద్ధ విహారం. ఆ దేశపు భాష ఖ్మేర్. దాని లిపి దక్షిణ భారతదేశపు పాత లిపి నుంచి పుట్టిందే. మన అక్షరాలకు తలకట్టు ఉన్నట్టే వాళ్ల అక్షరాల నెత్తిన కూడా ఒక గీత ఉంటుంది. దాన్ని వాళ్లు 'సక్' అంటారు, అంటే జుట్టు! గుళ్లలో ఉన్న పాత శాసనాలు కొన్ని ఖ్మేర్‌లో, కొన్ని చక్కని సంస్కృత శ్లోకాల్లో ఉన్నాయి. 802లో రెండవ జయవర్మ మహేంద్ర పర్వతం మీద చక్రవర్తిగా అభిషేకం చేసుకున్నాడని శాసనం చెబుతుంది. అది మొదలు ఆరువందల ఏళ్లకు పైగా సాగిన రాజ్యం ఇది. ఆ గుళ్లలో అన్నిటికన్నా పేరున్నది అంకోర్ వాట్.

అంకోర్ వాట్‌ను 12వ శతాబ్దం మొదటి సగంలో రెండవ సూర్యవర్మ కట్టించాడు. విష్ణువు గుడి. తరవాత అది బౌద్ధుల ఆలయమైంది. ఇవాళ్టికీ కాషాయం కట్టిన భిక్షువులు అక్కడ తిరుగుతూ కనిపిస్తారు. 1860లో హెన్రీ మూహో అనే ఫ్రెంచివాడు అడవిలో దీన్ని 'కనిపెట్టాడు' అని కొన్ని పుస్తకాల్లో రాస్తారు. ఆ మాట సరికాదండీ. ఆ గుడిలో పూజలు ఎన్నడూ పూర్తిగా ఆగలేదు. చుట్టుపక్కల పల్లెలవాళ్లకు అది ఎప్పుడూ తెలిసిన గుడే. ఇంట్లో అటక మీద ఉన్న అమ్మమ్మ ఇత్తడి బిందెను పొరుగింటావిడ చూసి 'నేను కనిపెట్టాను' అంటే ఎలా ఉంటుంది?

గుడి చుట్టూ 190 మీటర్ల వెడల్పున కందకం ఉంది. కందకం చుట్టూ నడవాలంటే ఐదు కిలోమీటర్ల పైచిలుకు. నడిమి గోపురం నేల నుంచి 65 మీటర్ల ఎత్తు. ఇసకరాళ్లను ముప్ఫై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న కూలెన్ కొండల నుంచి తెచ్చారు. లోపలి వసారాలు మరీ ఇరుకుగా ఉన్నాయేమిటా అనిపిస్తుంది మనకు. దానికి కారణం ఉంది. రాయి మీద రాయి కొంచెం కొంచెంగా ముందుకు జరిపి, పైన రెండు వైపులూ కలిపేవారు. ఆ పద్ధతిలో కప్పు వేస్తే గది వెడల్పు చెయ్యటానికి వీల్లేదు. అంచేత విశాలమంతా ఆరుబయటే.

ఇక్కడొక విశేషం గమనించండి. ఈ గుడి ముఖం పడమటికి. లోపల గోడల మీది కథలు కూడా మనం ప్రదక్షిణం చేసే వైపు కాక ఎదురు దిక్కుగా సాగుతాయి. పడమటి వాకిట్లోంచి వెళ్లి కుడిచేతి వైపు తిరిగితే గుడి మనకు ఎడమచేతి పక్కన ఉంటుంది. అపసవ్యంగా తిరగడం పితృకార్యాల్లోనే కదా! అందుకే ఇది రాజు తన అంత్యకాలాన్ని తలుచుకుని కట్టించుకున్న గుడి అని చాలామంది పండితులు అంటారు.

ఆ గోడల దగ్గర మనకు గైడు అక్కరలేదేమో అనిపిస్తుంది. కుడిచేతి వైపు మొదటి గోడ మీద కురుక్షేత్రం. అంపశయ్య మీద భీష్ముణ్ణి చూడగానే పోల్చుకుంటారు. దాని తరవాత సూర్యవర్మ ఊరేగింపు. ఆ పైన స్వర్గాలు, నరకాలు. 37 స్వర్గాలనూ 32 నరకాలనూ చెక్కి మరీ చూపించారు. తూర్పు వైపు క్షీరసాగర మథనం. 49 మీటర్ల పొడుగున్న ఒక్క గోడ! వాసుకిని ఒక కొస 92 మంది అసురులు, ఇంకో కొస 88 మంది దేవతలు పట్టుకు లాగుతుంటే నడుమ విష్ణువు, కింద కూర్మం, పైన నురుగులోంచి పుడుతున్న అప్సరసలు. చుట్టు తిరిగి మళ్లీ పడమటికి వచ్చేసరికి లంకా యుద్ధం. వాళ్ల రామాయణం పేరు 'రామ్‌కేర్'. రాముణ్ణి 'ప్రెయా రీమ్' అనీ, సీతమ్మను 'నీంగ్ సెదా' అనీ అంటారు. అందులో హనుమంతుడికి రావణుడి కూతురైన ఒక మత్స్యకన్యతో ప్రేమ కూడా ఉంది! 'హవ్వ, మన ఆంజనేయుడికా?' అని బుగ్గలు నొక్కుకోకండి. కథ ఏ ఇంట్లో కాపరానికి వెళితే ఆ ఇంటి అలవాట్లు నేర్చుకుంటుంది.

మొగవాళ్లు ఈ యుద్ధాల దగ్గర నిలబడిపోతారు. మీరు మాత్రం గోడల మూలల్లో నిలబడ్డ దేవతా స్త్రీలను చూడండి. అంకోర్ వాట్‌లో వీళ్లు 1,700 మందికి పైనే ఉన్నారు. ఒకరిలా ఒకరుండరు. ఒకామె కొప్పు మూడు కొనలుగా లేచి ఉంటుంది, ఒకామె జడ చెయ్యి చుట్టుకుని ఉంటుంది, ఒకామె పూలకొమ్మ పట్టుకుంటే ఇంకొకామె పక్కదాని భుజం మీద చెయ్యి వేస్తుంది. పడమటి ద్వారం దగ్గర ఒకామె మాత్రం పళ్లు కనిపించేలా నవ్వుతుంది. అక్కడికి వెళ్లినవాళ్లు ఆమెను వెతికి మరీ చూసి వస్తారు. ఈ బొమ్మల నగలనూ, కట్టూబొట్టునూ, జుట్టు ముడులనూ శ్రద్ధగా పరిశీలించి, బొమ్మలు గీసి పుస్తకం రాసినది సఫో మార్షల్ అనే అమ్మాయి. అక్కడ గుళ్ల సంరక్షణ చూసిన హెన్రీ మార్షల్ కూతురు. ఆ పుస్తకం 1927లో వచ్చింది. పెద్ద పెద్ద పండితులు రాజుల తేదీలు లెక్కగడుతున్న రోజుల్లో చీర కుచ్చెళ్లనూ కొప్పులనూ లెక్కపెట్టిన ఆ పిల్ల ఓపికను మెచ్చుకోవాలి.

ఆ చెక్కడాల్లోనే తలుపుల పక్కన గుండ్రటి పూలు వరసలుగా అల్లిన పలకలు కనిపిస్తాయి. అవి తెరలుగా కట్టే నేతవస్త్రాల నమూనాలను రాతిలో దించినవని పరిశోధకులు కొందరు అంటారు. రాతి మీద చెయ్యి వెయ్యకుండా దగ్గరగా చూడండి. చీర మీది బుటా గుర్తుకు రాకపోతే అడగండి!

రెండో రోజు బాయన్, తా ప్రోమ్ చూడొచ్చు. ఈ రెండూ ఏడవ జయవర్మ కట్టించినవి. బాయన్‌లో చాలా గోపురాలకు నాలుగు వైపులా పెద్ద పెద్ద ముఖాలు, పెదవుల మీద చిన్న చిరునవ్వు. అందరూ ఆ ముఖాలకు ఫోటోలు తీసుకుని వెళ్లిపోతారు. అసలు మనవాళ్లంతా ఉన్నది కింది వసారాలో. దక్షిణం వైపు గోడ మీద పైన నావికా యుద్ధం జరుగుతూ ఉంటే, కింద ఆ యుద్ధంతో తనకేమీ పట్టనట్టు ఊరు ఊరంతా బతుకుతుంటుంది. పొయ్యి మీద ఎసరు, చువ్వలకు గుచ్చి కాలుస్తున్న చేపలు, కోడిపందేలు, తక్కెడ పట్టుకుని బేరం చేస్తున్న ఆడమనిషి, పురుడు పోసుకుంటున్న ఒక తల్లి, ఆమెకు ఆసరాగా ఇంకో ఆడది. ఎనిమిది వందల ఏళ్లనాటి వంటిల్లూ, సంతా, పురిటిగదీ ఒక్క గోడ మీద!

1296లో జౌ దగ్వాన్ అనే చైనా దౌత్యోద్యోగి ఇక్కడికి వచ్చి ఏడాదికి దగ్గరగా ఉండి తాను చూసినవి రాసిపెట్టాడు. ఈ దేశంలో వ్యాపారం తెలిసినవాళ్లంతా ఆడవాళ్లేనన్నాడు. పొద్దున్నే చాపలు పరుచుకుని కూర్చుంటారనీ, మధ్యాహ్నానికి సంత ముగుస్తుందనీ, చోటుకు అధికారులకు అద్దె కడతారనీ రాశాడు. మన రైతుబజారులో చూసినట్టే లేదూ? బట్టల గురించి కూడా చెప్పాడు. గుడ్డంతా పూలల్లిక ఉన్నది రాజు ఒక్కడే కట్టాలి. విడివిడి పూలగుత్తులున్నది పెద్ద అధికారులకు, బంధువులకు. మామూలు జనంలో రెండు గుత్తుల పూలగుడ్డ కట్టే హక్కు ఆడవాళ్లకే ఉంది. బయటి నుంచి వచ్చే బట్టల్లో పడమటి సముద్రాల నుంచి వచ్చినవే మేలైనవిగా ఎంచుతారని కూడా అన్నాడు. పడమటి సముద్రాలంటే మన దేశపు వైపేనని పండితుల అభిప్రాయం. ఇంకో మాట కూడా ఆయనే చెప్పాడు. పట్టుపురుగులు పెంచడం అప్పటికి అక్కడివాళ్లకు తెలియదట. సయాం నుంచి వచ్చి స్థిరపడినవాళ్లే కొత్తగా మొదలుపెట్టారట. అంటే ఆ నేత నాలుగు చోట్ల నుంచి నాలుగు విద్యలు తీసుకుని తనదైన రూపం దిద్దుకున్నదన్నమాట. 'అంతా మన దగ్గర్నుంచే పోయింది' అని మనం గొప్ప చెప్పుకోవలసిన పని లేదు.

తా ప్రోమ్ గుడి జయవర్మ తన తల్లి పేరున 1186లో ప్రతిష్ఠించినది. ఆమెను ప్రజ్ఞాపారమిత రూపంలో అక్కడ నిలిపాడు. గుడి ఆవరణలో ఉండేవాళ్లు 12,640 మంది అనీ, అందులో నాట్యకత్తెలు 615 మంది అనీ శాసనంలో ఉంది. గుడి సొత్తులో 512 పట్టు పరుపులు, 523 గొడుగులు కూడా లెక్క రాశారు. రాజ్యంలో 102 వైద్యశాలలున్నాయని చెప్పేదీ ఆ శాసనమే. ఇప్పుడక్కడ పెద్ద పెద్ద చెట్ల వేళ్లు గోడల మీంచి కొండచిలువల్లా దిగి ఉంటాయి. చెట్టు తీస్తే గోడ కూలుతుంది, ఉంచితే గోడ నలుగుతుంది. ఆ చిక్కుముడిని విప్పే పనిలో మన భారత పురావస్తు శాఖవాళ్లు చాలా ఏళ్లు ఉన్నారు. అంతకుముందు 1986 నుంచి 1993 దాకా అంకోర్ వాట్ మరమ్మతు చేసిందీ వాళ్లే.

మూడో రోజు బంతెయ్ శ్రీ. ఊరికి ముప్ఫై కిలోమీటర్లకు పైగా ఉంటుంది. 967లో ప్రతిష్ఠ జరిగింది. కట్టించినవాడు రాజు కాడు, యజ్ఞవరాహుడనే పండితుడు. గులాబిరంగు రాయి. గుడి చిన్నది, పనితనం గంధపు చెక్క మీద చెక్కినంత సన్నం. కైలాసం ఎత్తబోయే రావణుడు, మన్మథ దహనం, ఖాండవ వనం మీద ఇంద్రుడి వాన, ఇవన్నీ పైకి చూస్తే కనిపిస్తాయి. మెడ పట్టేస్తుంది కాని కళ్లు తిప్పుకోలేం.

ఇక పట్టు సంగతికి వద్దాం. మూడు రోజుల టిక్కెట్టు తీసుకున్నవాళ్లు కూడా రెండో రోజు సాయంత్రానికే 'రాళ్లు చూసి చూసి అలిసిపోయాం' అంటారు. అలాంటప్పుడు బజార్ల వెంట తిరిగే బదులు ఒకపూట నేతశాలకు వెళ్లండి. సియెం రీప్ ఊరికి పడమట పువోక్ దగ్గర ఆర్టిజాన్స్ అంకోర్ సంస్థవాళ్ల పట్టు తోట ఉంది. మల్బరీ చెట్టు దగ్గర్నుంచి మగ్గం దాకా వరసగా చూడొచ్చు. సంప్రదాయ ఖ్మేర్ వస్త్రాల సంస్థ అనే మరో నేతశాల ఉంది. దాని కథ కాసేపట్లో చెప్తాను. కొన్ని నేతశాలల్లో చూడనివ్వడమే కాదు, చేతిరుమాలంత గుడ్డ ఇచ్చి మీచేతే ముడులు వేయించి, రంగులో ముంచనిస్తారు.

కంబోడియా పట్టుగూడు తెల్లగా ఉండదు. పసుపు ముద్దలా ఉంటుంది. మనం మామూలుగా చూసే తెల్లగూడు కన్నా చిన్నది. ఒక్కో గూటి నుంచి వచ్చే పోగు మూడు నాలుగు వందల మీటర్లు. తెల్లగూడు పోగు వెయ్యి మీటర్ల దాకా వస్తుంది. వేణ్ణీళ్లలో గూళ్లు వేసి, పుల్లతో తిప్పుతూ ఒకేసారి బోలెడు గూళ్ల పోగులు కలిపి చేత్తో లాగుతారు. ఆ దారం ముతకగా, బిరుసుగా ఉంటుంది. జిగురు పోయేదాకా ఉడికిస్తే మెత్తబడుతుంది. బంగారు రంగు చాలామటుకు ఆ జిగురులోనే ఉంటుంది కనక అదీ దానితో పాటు పోతుంది. 'మెత్తదనం కావాలంటే మెరుగు వదులుకోవాలి' అని అప్పుడర్థమవుతుంది.

వాళ్ల నేతలో గొప్పది 'హోల్'. మనం పోచంపల్లి, పుట్టపాక, చీరాలల్లో చూసే చిటికి పని లాంటిదే. బట్ట నేశాక అద్దకం వెయ్యటం కాదు. నెయ్యక ముందే దారానికి రంగులు పట్టించి, నేస్తుంటే బొమ్మ తేలేలా చెయ్యటం. హోల్‌లో రంగుల నమూనా అంతా పేకలో ఉంటుంది. పడుగు ఒకే రంగు.

ఎలా చేస్తారంటే, బట్ట వెడల్పెంతో అంత కొయ్య చట్రం మీద పేక దారాన్ని లెక్క ప్రకారం చుడతారు. దాన్ని చిన్న చిన్న కుచ్చులుగా విడదీసి, ఏ భాగం రంగు తాగకూడదో అక్కడ అరటినారతో బిగించి కడతారు. ఇప్పుడు చాలాచోట్ల నార బదులు ప్లాస్టిక్ పట్టీలు వచ్చాయి. ముందు లేతరంగులో ముంచుతారు. ఆరాక, లేతరంగుగానే ఉండిపోవలసిన చోట మళ్లీ కట్టి, ముదురు రంగులో ముంచుతారు. పసుపు మీద నీలం పడ్డ చోట ఆకుపచ్చ వస్తుంది. అన్ని రంగులూ అయ్యాక నారలన్నీ విప్పి, దారాన్ని వరస తప్పకుండా కండెలకు చుట్టి మగ్గం మీద పెడతారు. ప్రతి పోగునూ నేసేటప్పుడు కొంచెం ఇటూ అటూ జరిపి నమూనా కలుపుకుంటారు. మూడు మీటర్ల పొడుగు మంచి హోల్ గుడ్డకు నెలలు పడుతుంది.

రంగులు మనకు కొత్తవి కావు. ఎరుపు లక్క నుంచి. పూర్వం మన కాళ్లకు పెట్టుకున్న లత్తుక కూడా లక్కదే కదా! నీలం నీలిమందు నుంచి. తొట్టిలోంచి తీసిన దారం ముందు పచ్చగా ఉండి, గాలి తగిలేకొద్దీ మన కళ్ల ముందే నీలమవుతుంది. పసుపు 'ప్రొహూత్' అనే చెట్టు బెరడు నుంచి. నలుపు తుమికి జాతి చెట్టు కాయల నుంచి. రంగు నిలవడానికి పటిక వేస్తారు.

'ఇంత లెక్క ఎక్కడ రాసుకుంటారు?' అని అడగాలనిపిస్తుంది. పాతకాలపు నేతగత్తెలు ఎక్కడా రాసుకోలేదు. మనం ధనుర్మాసంలో 'పదిహేను చుక్కలు, సందుచుక్క, ఎనిమిది వచ్చేదాకా' అని ముగ్గు మొదలుపెడితే చెయ్యే వేసుకుపోతుంది చూడండి, అలాగే వాళ్లకు వందల ముడుల లెక్క వేళ్లలోనే ఉంటుంది. తల్లి పక్కన కూర్చున్న కూతురికి అలాగే వస్తుంది.

మీరు ఆ చట్రం ముందు కూర్చుని పది ముడులు వేస్తే చాలు, మూడు సంగతులు తెలిసిపోతాయి. ముడి వదులైతే రంగు లోపలికి పాకి గీత చెదురుతుంది. అంటే బిగువంతా వేలికొసలో ఉండాలి. ఒక్క కుచ్చు లెక్క తప్పితే పువ్వు పక్కకు ఒరుగుతుంది, అంటే చూపు పక్కకు పోకూడదు. పది ముడులకే బొటనవేలు మండుతుంది. ఆ పక్కన కూర్చున్నావిడ రోజంతా అదే పని చేస్తుంది. గుడ్డ వెల ఎంతని అడిగి 'అబ్బో' అనేముందు ఈ మండే వేలు గుర్తొస్తుంది.

ఈ శ్రమ మన దగ్గర ఆడవాళ్లకూ తెలుసు. చిటికి చీరకు పేక దారాన్ని ఆసు మీద పొయ్యాలంటే ఒక్క చీరకు తొమ్మిదివేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. తల్లి లక్ష్మమ్మ భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆ పనికి యంత్రం తయారుచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నేత గొప్పదని పొగిడితే చాలదు, నేసే చేతుల నొప్పి కూడా తగ్గాలి అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏముంది?

ఇప్పుడు ఇందాక చెప్తానన్న కథ. 1975 ఏప్రిల్ నుంచి 1979 జనవరి దాకా కంబోడియాను ఖ్మేర్ రూజ్ పాలించింది. పట్నాలన్నీ ఖాళీ చేయించి జనాన్ని పొలాలకు తోలారు. రంగు బట్ట కట్టనివ్వలేదు, అందరికీ నలుపే. ఆకలికీ, రోగాలకూ, హింసకూ పదిహేను లక్షల నుంచి ఇరవై లక్షల మంది దాకా చనిపోయారు. మల్బరీ తోటలు పోయాయి, మగ్గాలు పోయాయి. నాలుగేళ్లేగా అనిపించవచ్చు. కాని కాగితం మీద లేని విద్య సంగతి వేరు. నేర్పవలసిన తల్లి పోయాక, నేర్చుకోవలసిన వయసులో కూతురు మట్టి మోస్తూ గడిపాక, ఆ నమూనా ఎవరి దగ్గరుంటుంది? గుడి కూలితే రాళ్లయినా మిగులుతాయి. ఏరి, పోల్చి, మళ్లీ నిలబెట్టొచ్చు. బంతెయ్ శ్రీని 1930లలో అలాగే రాయి రాయి పేర్చి నిలబెట్టారు. వేళ్లలో ఉన్న లెక్క పోతే పేర్చుకోవడానికి ఏమీ ఉండదు.

అయినా పూర్తిగా పోలేదు. కికువో మోరిమొటో అనే జపాను ఆయన క్యోటోలో కిమోనోల మీద రంగులద్దే పని నేర్చినవాడు. 1995లో కంబోడియా పల్లెలు తిరిగి, పాత విద్య జ్ఞాపకమున్న ముసలమ్మలను వెతికాడు. 1996లో ఇందాక చెప్పిన సంస్థ పెట్టి, 2000లో దాన్ని సియెం రీప్‌కు మార్చాడు. తరవాత ఊరికి ఉత్తరాన బంజరు నేల కొని మల్బరీ, నీలి, రంగుచెట్లు నాటించాడు. నేతగత్తెలు కుటుంబాలతో అక్కడే ఉండేలా ఒక పల్లె లేచింది. పిల్లలు మగ్గాల మధ్యే ఆడుకుంటూ పెరిగారు. ఆయన 2017లో కన్నుమూశాడు. నాయనమ్మలు మిగిలి ఉన్నప్పుడే ఎవరో ఒకరు వెళ్లి అడగటం వల్ల ఆ విద్య నిలిచింది. పదేళ్లు ఆలస్యమైతే అడగటానికి ఎవరూ ఉండేవారు కారు.

కొనాలనుకున్నవాళ్లకు నాలుగు మాటలు. బజార్లో హోల్ అని చెప్పి అచ్చు వేసిన గుడ్డలూ అమ్ముతారు. వెనక వైపు రంగు తక్కువగా ఉంటే అచ్చు గుడ్డే అని మనం అనుకుంటాం. హోల్ విషయంలో ఆ లెక్క పనికిరాదు. ఆ నేతలో పేక పోగు పైవైపు ఎక్కువ తేలుతుంది కనక అసలు గుడ్డకు కూడా వెనక వైపు మసకగానే ఉంటుంది. అంచున ఒక పేక పోగు చూడండి. ఒకే పోగులో ఎరుపు, పసుపు, నీలం మారుతూ రంగు లోపలిదాకా పట్టి ఉంటే అది ముడులు వేసిన దారం. పువ్వుల అంచులు కత్తితో కోసినట్టు కాక కొంచెం చెదిరినట్టుంటాయి. పట్టో కాదో తెలియాలంటే పోగు కాల్చి చూడటం మనకు తెలిసిందే. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది. నైలాను, పాలియెస్టరు అయితే కరిగి ముద్ద కడుతుంది. అంత పెట్టలేనివాళ్లకు 'క్రమా' ఉంది. మన గళ్ల తువ్వాలు లాంటి నూలు గుడ్డ. తలకు చుట్టుకుంటారు, పిల్లను ఊయల వేస్తారు, కూరలు మూట కడతారు. 2024లో యునెస్కో దానికి కూడా గుర్తింపు ఇచ్చింది.

ఇక ప్రయాణం మాటలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. మే నుంచి అక్టోబరు దాకా వానలు. హైదరాబాదు నుంచి వెళ్లేవాళ్లు బాంకాకులోనో, సింగపూరులోనో విమానం మారి వెళ్లొచ్చు. కొత్త విమానాశ్రయం 2023లో తెరిచారు. అది ఊరికి దూరం, కారులో గంట పట్టొచ్చు. గుళ్ల టిక్కెట్టు 2017 నుంచి ఒక రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62, ఏడు రోజులకు 72గా ఉంది. బయలుదేరేముందు ధర ఒకసారి చూసుకోండి. 2025లో థాయిలాండు సరిహద్దున ఘర్షణలు జరిగాయి కనక ఆ కబుర్లు కూడా కనుక్కుని వెళ్లండి. భుజాలూ మోకాళ్లూ కప్పే బట్టలుండాలి. చీరకు, చుడీదారుకు ఇబ్బంది లేదు. అంకోర్ వాట్ పైఅంతస్తు మెట్లు మరీ నిటారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద వసారాల్లోనే తృప్తిపడవచ్చు, చూడవలసిన గోడలన్నీ అక్కడే ఉన్నాయి. శాకాహారులు ఒక మాట జ్ఞాపకం పెట్టుకోవాలి. కూర అన్నదాంట్లో కూడా చేపరసం చుక్క వేస్తారు, ముందే చెప్పాలి. గుళ్ల దగ్గర చిన్నపిల్లలు బొమ్మకార్డులు అమ్ముతూ వెంటపడతారు. జాలి వేస్తుంది. కాని వాళ్ల దగ్గర కొంటే రేపు కూడా బడికి బదులు అక్కడికే పంపుతారు. ఆ డబ్బు పెద్దల చేతిపనికి పెట్టండి.

అంత దూరం వెళ్లే వీలు అందరికీ ఉండదు. వెళ్లలేనివాళ్లకు కూడా ఈ కథలో ఒక పని ఉంది. మన ఇళ్లలో ఎనభై ఏళ్లు దాటిన అత్తగార్లు, పిన్నత్తలు, అమ్మమ్మలు ఉన్నారు. ఎవరికో మెలికల ముగ్గు వస్తుంది, ఎవరికో బొంత కుట్టడం వస్తుంది, ఎవరికో చాప అల్లడం వస్తుంది. ఈ ఆదివారం టీవీ కట్టేసి, ఆవిడ పక్కన పీట వేసుకు కూర్చుని, 'ఇది ఎలా మొదలుపెట్టాలి అత్తయ్యా?' అని అడగండి. మనవరాల్ని కూడా పక్కన కూర్చోబెట్టండి.